నార్డిక్ దేశాల యుద్ధకాలపు విరాళాల పిన్నులు: చాలా ఏళ్ల సేకరణ తరువాత రాస్తున్న సమీక్ష

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫిన్లాండ్, స్వీడన్, డెన్మార్క్, నార్వేలలో చందా ఇచ్చినవారు కోటుకు గుచ్చుకున్న చిన్న చిన్న పిన్నులను, ఉద్యోగరీత్యా స్వీడన్‌లో స్థిరపడినప్పటి నుంచి నేను సేకరిస్తున్నాను. పతకాన్ని ప్రభుత్వం మెచ్చి ఇస్తుంది. ఈ పిన్నును మాత్రం ఒక సామాన్యుడు జేబులోని చిల్లర తీసి, పొరుగువారి కష్టానికి తన వంతుగా ఇచ్చి తీసుకున్నాడు. మన దేశంలో 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవానికి, బడిలో డబ్బులిచ్చి చొక్కాకు గుచ్చుకున్న కాగితపు జెండా గుర్తున్నవారికి ఈ పిన్నుల స్వభావాన్ని వేరే వివరించనక్కరలేదు. వాటిని రసీదులుగా చూసేవారికి ఈ సేకరణ ఎన్నటికీ విసుగు పుట్టించదని, నగలుగా చూసేవారికి మాత్రం త్వరలోనే నిరాశ మిగులుతుందని నా అభిప్రాయం.

కొత్తవారు ఫిన్లాండ్ సహాయ పిన్నులతో మొదలుపెట్టడం మంచిది. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లాండ్ మీద దాడి చేశాయి. 1940 మార్చి 13 వరకు, 105 రోజుల పాటు సాగిన ఆ పోరాటాన్ని శీతాకాల యుద్ధం అంటారు. స్వీడన్ ప్రభుత్వం యుద్ధంలోకి దిగకపోయినా, ప్రజలు మాత్రం 'ఫిన్లాండ్ పోరు మన పోరే' అన్న నినాదంతో డబ్బు, బట్టలు, దుప్పట్లు పోగుచేశారు. 8,000 మందికి పైగా స్వచ్ఛంద సైనికులుగా వెళ్లారు. యుద్ధ సంవత్సరాలన్నీ కలిపి సుమారు 70,000 మంది ఫిన్నిష్ పిల్లలు, మెడలో పేరు రాసిన చీటీలతో, స్వీడన్ కుటుంబాల ఆశ్రయానికి చేరారు. ఈ నేపథ్యం తెలియకుండా కొన్న పిన్ను ఒట్టి రేకుముక్కగానే ఉండిపోతుంది. తెలిసి కొంటే, ఎనభై ఏళ్లకు పైబడిన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకున్నప్పుడు ఎవరి కోసం ఎవరు ఇచ్చారన్నది కళ్లకు కడుతుంది.

నా దగ్గరున్న వాటిలో నాకు అత్యంత ఇష్టమైన పిన్ను చూపుడువేలి గోరంత కూడా ఉండదు. ఫిన్లాండ్ రాజచిహ్నంలోని కిరీటధారి సింహం ముందు కాలితో కత్తి ఎత్తి, వెనుక కాళ్లతో వంకర కత్తిని తొక్కుతూ కనిపిస్తుంది. అసలు చిహ్నంలో సింహం చుట్టూ ఉండే తొమ్మిది గులాబీలు ఇంత చిన్న రేకు మీద చుక్కలుగా మిగిలాయి. సింహం వీపు వద్ద ఎనామిల్ కొద్దిగా లేచిపోయి కింది లోహం బయటపడింది. వెనుక వైపు అతికించిన సూది కొస నల్లబడి, పక్కకు వంగి ఉంది. దళసరి ఉన్ని కోటులోకి పదే పదే గుచ్చితే తప్ప సూది ఆ విధంగా వంగదు. ఇలాంటి అరుగుదల ఉన్న పిన్నుకు వేలంలో ధర తగ్గుతుంది కానీ, నా లెక్కలో మాత్రం దాని విలువ పెరుగుతుంది, ఎందుకంటే ఎవరో దాన్ని నిజంగా ధరించి వీధిలో తిరిగారనడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

లోహం గురించి ఒక మాట చెప్పాలి. యుద్ధకాలంలో రాగి, నికెల్ ఆయుధాల తయారీకి పోవడంతో నాణేలే మారిపోయాయి: స్వీడన్ 1942 నుంచి 1, 2, 5 ఓరె నాణేలను ఇనుముతో ముద్రించింది, జర్మనీ ఆక్రమణలో ఉన్న నార్వేలో చిన్న నాణేలు ఇనుముకు, పెద్దవి జింకుకు మారాయి. పిన్నులకూ అదే గతి పట్టింది. అందువల్ల పలుచని రేకు, అట్టముక్క, కాగితపు పువ్వు కనిపించినప్పుడు నాసిరకమని పక్కన పెట్టకూడదు. పిన్ను మీద పెట్టే ఖర్చు ఎంత తగ్గితే చందాలో అంత భాగం బాధితులకు చేరుతుంది. చౌకగా తయారుచేసి లక్షల్లో అమ్మే పద్ధతి స్వీడన్‌కు అంతకుముందే అలవాటు. గోథెన్‌బర్గ్‌లో బేడా హాల్‌బెర్గ్ 1907లో క్షయవ్యాధి నివారణ కోసం ప్రారంభించిన 'మే పువ్వు' తొలి ఏడాదే 10 ఓరె చొప్పున 1,39,000 అమ్ముడైంది. ఏటా రంగు మారే ఈ పువ్వులు యుద్ధ సంవత్సరాల్లోనూ ఆగలేదు, నేటికీ బడి పిల్లలే అమ్ముతున్నారు. ఇవి యుద్ధ నిధికి సంబంధించినవి కావు గానీ, 1939 నుంచి 1945 వరకు వచ్చినవాటిని వరుసగా అమరిస్తే మిగతా పిన్నులకు మంచి నేపథ్యం సమకూరుతుంది.

డెన్మార్క్ విషయంలో అందరూ ముందుగా అడిగేది రాజు పిన్ను. 1940 ఏప్రిల్ 9న జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించింది. అదే ఏడాది సెప్టెంబరు 26న పదవ క్రిస్టియన్ రాజు 70వ పుట్టినరోజు సందర్భంగా, ఆర్నో మాలినోవ్‌స్కీ రూపకల్పనలో జార్జ్ జెన్సన్ సంస్థ వెండి, ఎనామిల్‌తో ఈ చిహ్నాన్ని చేసింది. దాని అమ్మకం సొమ్ము ధర్మకార్యాలకు వెళ్లింది. పరాయి సైన్యం ఎదుట నోరు మెదపకుండానే దేశాభిమానం చాటుకునే వీలు కల్పించడంతో జనం దాన్ని విరివిగా పెట్టుకున్నారు. పనితనానికి వంక పెట్టలేం. అయినా, ఇంత ఎక్కువగా తయారైన వస్తువును అరుదైనదని చెప్పి అమ్మేవారి మాట నమ్మవలసిన పని లేదు. కొద్ది వారాలు ఓపిక పడితే సరసమైన ధరకే మరొకటి కనిపిస్తుంది. నాజీలు యూదులకు గుర్తుగా తప్పనిసరి చేసిన పసుపు నక్షత్రాన్ని, వారికి మద్దతుగా ఆ రాజు ధరించాడన్న కథను కూడా కొందరు అమ్మకందారులు జోడిస్తారు. అది కల్పన. రాజు ఆ నక్షత్రం పెట్టుకోలేదు, డెన్మార్క్‌లో యూదులను దాన్ని పెట్టుకోమని జర్మన్లు ఎన్నడూ ఆదేశించలేదు.

నార్వే భాగమే అన్నిటికంటే కష్టమైనది, అందుకే అక్కడ నేను చాలా తక్కువ కొన్నాను. ఓస్లో విశ్వవిద్యాలయ విద్యార్థులు 1940లో ఐకమత్యానికి గుర్తుగా కోటు అంచుకు పేపరు క్లిప్పులు పెట్టుకోవడం చారిత్రక సత్యం. ఏడవ హాకోన్ రాజు గుర్తు ఉన్న నాణేలను, బ్యాడ్జీలను ధరించడం కూడా అంతే నిజం. అయితే ఇవి ధిక్కారానికి గుర్తులే తప్ప విరాళాల పిన్నులు కావు. పైగా ఏ కొట్లోనైనా దొరికే పాత క్లిప్పును ఆనాటిదని నిరూపించడం, కుటుంబపు ఉత్తరమో ఫోటోనో జతగా లేనిదే, అసాధ్యం. ఇక నాజీలతో చేతులు కలిపిన నార్వే నేత క్విజ్లింగ్ పార్టీ సూర్యశిలువ బ్యాడ్జీలు, జర్మనీ శీతాకాల సహాయ నిధి పిన్నులు తరచుగా కలగాపులగపు పొట్లాల్లో వచ్చి చేరతాయి. బలవంతపు వసూళ్లకూ ఇష్టపూర్వక దానానికీ మధ్య ఉన్న గీతను చెరిపేసే సేకరణ నాకు సమ్మతం కాదు కనుక, వాటిని నేను ఈ వరుసలో ఉంచను.

ఫిన్లాండ్ స్వదేశీ వస్తువుల్లో 1940 నాటి ఇనుప ఉంగరానికి మించినది లేదు. దేశ రక్షణ కోసం దంపతులు బంగారు పెళ్లి ఉంగరాలు ఇచ్చి, బదులుగా ఇనుప ఉంగరం తీసుకున్నారు. ఇది పిన్ను కాకపోయినా నా పెట్టెలో దానికి మొదటి స్థానం ఇచ్చాను. లొట్టా స్వార్డ్ మహిళా సంస్థ బ్యాడ్జిని మాత్రం విరాళాల పిన్నుగా చూపి అమ్మడం సరికాదు. అది సభ్యత్వ చిహ్నం. దాని మీది నీలి స్వస్తికకు నాజీలతో సంబంధం లేదు. 1918లో స్వీడన్ కులీనుడు ఎరిక్ ఫాన్ రోసెన్ ఫిన్లాండ్‌కు బహూకరించిన విమానం మీది గుర్తు నుంచే ఆ దేశపు వైమానిక దళం స్వస్తికను స్వీకరించింది. ఈ చరిత్ర ఎంత వివరించినా కొన్ని వేలం సైట్లు ఆ గుర్తున్న వస్తువును తొలగిస్తాయి. కొనేముందు, అంతకంటే ముఖ్యంగా సరిహద్దులు దాటించేముందు, ఆయా దేశాల నిబంధనలు చూసుకోవాలి.

భద్రపరచడంలో చాలామంది శ్రద్ధ చూపరు. ఓక్ చెక్క పెట్టె చూడముచ్చటగా ఉంటుంది కానీ, దాని నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి జింకును, సీసాన్ని తినేస్తుంది. ఉన్ని ఫెల్టులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. పీవీసీ సంచులు కాలక్రమేణా జిగురు వదిలి ఎనామిల్‌కు అంటుకుంటాయి. పాలిప్రొపిలీన్ సంచులు, ఆమ్లరహిత కాగితం వాడటమే క్షేమం. విశాఖ, కాకినాడ వంటి తీర నగరాల్లో దాచేవారు సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వాటిని తరచూ మార్చాలి. మెరుగు పెట్టే పొడులను దగ్గరకు రానీయకండి. ఒక్కసారి రుద్దితే సన్నని అక్షరాలు మాసిపోతాయి, పోయినవి తిరిగి రావు. సూది తుప్పు పడితే పొడి మెత్తని బ్రష్షుతో దులిపి ఊరుకోవడం ఉత్తమం.

ఖర్చు విషయానికొస్తే, వెండివి, పేరున్న తయారీదారు ముద్ర ఉన్నవి మినహాయిస్తే చాలా పిన్నులు సంతల్లో ఒక కాఫీ ధరకే వస్తాయి. అయితే పిన్నును తొలుత గుచ్చి అమ్మిన అట్ట, నినాదం అచ్చయిన కవరు, చందా రసీదు కలిసి ఉన్నప్పుడు రెండింతలు ఇచ్చినా నష్టం లేదు. తేదీని, ఉద్దేశాన్ని నిర్ధారించేది ఆ కాగితమే. విడి పిన్నులు పది కొనే డబ్బుతో కాగితం తోడున్నది ఒకటి కొనమని, కొత్తగా మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ సలహా ఇస్తాను. మూల్యం పెరిగి లాభం వస్తుందని ఆశించేవారికి దీన్ని సిఫారసు చేయను. ఎనామిల్ పిన్నుల ధర అంత వేగంగా పెరగడం నేను చూడలేదు. నార్డిక్ దేశాల చరిత్ర మీద ఆసక్తి ఉండి, స్వీడిష్ గానీ ఫిన్నిష్ గానీ నిఘంటువు సాయంతోనైనా చదివే ఓపిక ఉన్నవారు నిస్సంకోచంగా మొదలుపెట్టవచ్చు.