క్వెంకాలో రిటైర్మెంట్ జీవితం: ఏళ్ల తరబడి ఉన్నాక మా మాట

అమెరికాలో రిటైరయ్యాక నేనూ మా ఆవిడా దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశంలో క్వెంకా అనే ఊళ్లో స్థిరపడ్డాం. ఇక్కడికి రావాలనుకునే స్నేహితులు ముందుగా ఖర్చు ఎంతని అడుగుతారు. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సింది ఊరి ఎత్తు. సముద్ర మట్టానికి సుమారు 2,550 మీటర్లు. వచ్చిన కొత్తలో రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, రాత్రి సరిగా నిద్ర పట్టదు. మాకు మెల్లగా అలవాటైంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే టికెట్ కొనండి.

పగటి ఎండ ఏడాదంతా 20 డిగ్రీల దగ్గరే, ఫ్యాన్ అవసరమే రాదు. కానీ చాలా ఇళ్లలో హీటర్లుండవు. రాత్రి పది డిగ్రీలకు దిగితే ఇంట్లోనే స్వెటర్ వేసుకుని కూర్చోవాలి. ఎండ పడే గదులున్న ఇల్లే చూసుకోండి. అది కూడా మూడో అంతస్తు లోపే. 2024లో కరువొచ్చి జలవిద్యుత్ పడిపోయినప్పుడు రోజుకు 14 గంటల దాకా కరెంటు పోయింది. లిఫ్టులు ఆగి, పై అంతస్తుల్లోని పెద్దవాళ్లు కిందికి దిగలేకపోయారు.

వంట సంగతి చెప్పాలి. ఇంత ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల లోపే మరుగుతాయి, మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపున్నా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ వెంట తెచ్చుకోండి. కందిపప్పు, కరివేపాకు మాకు బజార్లో కనబడలేదు. అరటికాయ, కర్రపెండలం, చింతపండు పుష్కలం. చెట్టుకు కాసే ఒక రకం టమాటా, మిరపకాయ కలిపి నూరే 'అహీ' వేడన్నంలో కలుపుకుంటే రోటిపచ్చడి తిన్నట్టే ఉంటుంది.

మాకు బాగా నచ్చే చోటు 'దియెస్ దె అగోస్తో' మార్కెట్. రోజూ ఒకరి దగ్గరే కొంటే రెండు పళ్లు కొసరు వేస్తారు. మంగళ, శుక్రవారాల్లో అక్కడ పెద్దావిడలు ఆకుల కట్టతో తల నుంచి కాళ్ల దాకా తట్టి, కోడిగుడ్డు ఒళ్లంతా తిప్పి దిష్టి తీస్తారు. పసిపిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు వరసలో నిలబడి ఉంటారు. మా ఆవిడ కూడా తీయించుకుంది.

డబ్బు లెక్కకొస్తే, 2000 నుంచి ఇక్కడ నడిచేది అమెరికన్ డాలరే, మారకం బాధ లేదు. పెన్షన్ వీసాకు ఈక్వడార్ కనీస జీతానికి మూడింతల ఆదాయం చూపాలి, 2025లో నెలకు 1,410 డాలర్లు. 65 దాటితే బస్సులో సగం టికెట్టే. అమెరికాలో పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్ మాత్రం ఇక్కడ చెల్లదు, వేరే బీమా తీసుకోవాల్సిందే. మేం చూపించుకునే డాక్టరు 40 డాలర్లు తీసుకుని, తొందర పెట్టకుండా మొత్తం వింటారు.

స్పానిష్ రాకపోతే ఇక్కడ బతుకు ఇరుకవుతుంది. చాలామంది అమెరికన్లు ఇంగ్లిష్ వినబడే కాఫీ హోటళ్లలోనే తిరుగుతారు. మా మొదటి ఇంటి ఓనరు అడ్వాన్సు తిరిగివ్వనన్నప్పుడు మా తరఫున మాట్లాడింది పక్కింటి సెన్యోరానే. ఆవిడతో రోజూ కబుర్లు చెప్పుకునేంత భాష అప్పటికే వచ్చింది కాబట్టే ఆ సాయం దొరికింది.

ఇండియాలో వయసు మళ్లిన తల్లిదండ్రులున్నవాళ్లకు మాత్రం ఈ ఊరు వద్దనే చెబుతాను. క్వెంకా విమానాశ్రయం నుంచి విదేశీ విమానాల్లేవు. ఈ దేశంలోని పెద్ద నగరాలైన కీటోకో గ్వాయకీల్‌కో వెళ్లి, అక్కణ్నుంచి అమెరికా లేదా యూరప్ మీదుగా హైదరాబాద్ చేరాలి. గ్వాయకీల్ వెళ్లే కొండదారి వానల్లో చరియలు విరిగిపడి మూసేస్తారు. కబురందిన వెంటనే బయల్దేరినా, వేళకు చేరతామన్న భరోసా ఉండదు.