కంచు పాత్రల పోలికలో చైనా పింగాణీ: లాంగ్‌చువాన్ ఆకుపచ్చదా, చియన్‌లాంగ్ కంచురంగుదా, ఏది మేలు?

1127లో రాజధాని కైఫెంగ్ చేజారి, చైనాను ఏలిన సోంగ్ వంశపు ఆస్థానం దక్షిణానికి చేరాక పూజలకు కంచు పాత్రలు కరువయ్యాయి. పాత కంచు ఆకారాలనే మట్టిలో చేయించుకున్నారు. జెజియాంగ్‌లోని లాంగ్‌చువాన్ బట్టీలూ అదే దారి పట్టాయి. ఆరు వందల ఏళ్ల తర్వాత, చియన్‌లాంగ్ చక్రవర్తి కాలంలో, పింగాణీ పట్టణం జింగ్‌డెజెన్ పనివాళ్లు ఆకారంతో ఆగక కంచు రంగునూ చిలుమునూ కూడా దించారు.

లాంగ్‌చువాన్‌లో చూడాల్సింది 'లీ' అనే మూడుకాళ్ల ధూపపాత్ర. దాని ఆకుపచ్చ రంగు గ్లేజులో (కాల్చినప్పుడు గాజులా మారే పూతలో) ఉండే కొద్దిపాటి ఇనుముది. బట్టీలో గాలి తగ్గించి 1200 డిగ్రీలు దాటించి కాలిస్తేనే ఆ రంగు వస్తుంది. గాలి ఎక్కువైతే పసుపు తిరుగుతుంది. ప్రతి కాలి మీదా నిలువుగా పైకి లేచిన గట్టు ఉంటుంది. కరిగిన గ్లేజు అక్కడినుంచి జారి పలచబడి తెల్లగా తేలుతుంది. కాళ్లు బోలు కాబట్టి లోపలివైపు సన్న రంధ్రం పెడతారు, లేకుంటే వేడికి గాలి ఉబ్బి కాలు పగులుతుంది. గ్లేజు పడని అంచు ఇటుక ఎరుపుకి మారుతుంది. కొన్ని నకిలీల్లో ఆ ఎరుపు పైన పూసిన రంగే.

చియన్‌లాంగ్ (1736–1795) రకాల్లో 'టీ పొడి' గ్లేజుది వేరే లెక్క. గోధుమ నేల మీద పసుపుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. అవి నెమ్మదిగా చల్లారేటప్పుడు గ్లేజులో పుట్టిన స్ఫటికాలు. తొందరగా చల్లారిస్తే నల్లగా మిగులుతుంది. కొన్నిటికి ఇలాంటి గోధుమ నేల మీదే బంగారంతో, లోహం పొదిగినట్టు కనిపించే గీతలూ, నీలిపచ్చ ఎనామెల్ (గాజు రంగు)తో చిలుమూ వేసి తక్కువ వేడిలో మళ్లీ కాల్చారు. పనితనం అబ్బురమే, కానీ కళ్లను మోసం చేయడానికే పడ్డ పాటు అది. పైగా ఆ బంగారం తుడుపుకి పోతుంది. తర్వాత ఎవరో మళ్లీ పూయించి ఉంటారు. భూతద్దంలో వాడకంలో గీసుకుపోయిన పాత చారల లోపల కూడా కొత్త బంగారం మెరిస్తే అదే సంగతి.

కొనేవాళ్లకు నా ఓటు లాంగ్‌చువాన్‌కే. కంచు నుంచి ఒడ్డూపొడుగూ మాత్రమే తీసుకుని మిగతాది మట్టికి వదిలేసింది. కాస్త చిట్లినా అందం చెడదు. బంగారం లేని టీ పొడి రకం రెండో ఎంపిక. దానికి అడుగున ఒత్తిన లేదా చెక్కిన ముద్ర, అంచుకి ముదురు గోధుమ పూత ఉండాలి. బంగారం, చిలుము వేసిన రకం కొంటే అల్ట్రావయొలెట్ దీపం కింద చూశాకే డబ్బు కట్టండి. కొత్త రంగు అతికించిన చోట వెలుగు వేరేగా పడుతుంది.