మూడు పూసల దారంతో ఏడాదిన్నర

స్కూటీ మీంచి పడి తలకి దెబ్బ తగిలాక తీసిన సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. మూడు వారాలకి ఆఫీసులో ఎక్సెల్ షీటు తెరిస్తే అంకెలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. పది నిమిషాలు చూస్తే కణతలు లాగేవి. కళ్లజోడు షాపులో చూపు 6/6 అన్నారు.

అసలు సంగతి కళ్ల పనితీరు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు దగ్గర తేలింది. పెన్ను మెల్లగా ముక్కు వైపు తెస్తే 17 సెంటీమీటర్ల దగ్గరే రెండుగా కనపడింది. మామూలుగా ఆరు దాకా ఒక్కటిగానే ఉండాలట. దగ్గరివి చూడాలంటే రెండు కళ్లూ కలిసి లోపలికి తిరగాలి, నావి తిరగట్లేదు. దీన్నే కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. రక్తస్రావం, ఎముక విరగడం పట్టుకునే సీటీకి ఇది దొరకదు.

దీనికి కళ్ల కసరత్తు థెరపీ మొదలుపెట్టాను: 12 వారాలు, వారానికో సిట్టింగు, సిట్టింగుకి 700 రూపాయలు. అసలు పనంతా ఇంట్లోనే. బ్రాక్ స్ట్రింగ్ అని మూడు రంగుల పూసలున్న దారం ఇచ్చారు. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస ముక్కుకి ఆనించి పూసని చూడాలి. చూపు కుదిరితే దారం రెండుగా కనపడి సరిగ్గా పూస దగ్గర ఇంటూ గుర్తులా కలుస్తుంది. నాకు పూస దాటాక ఎక్కడో కలిసేది. అమ్మ చూసి, "ఇది ఏ స్వామి ఇచ్చాడే?" అంది. మొదటి రెండు వారాలు తలనొప్పి పెరిగింది, వాంతి వచ్చినట్టుండేది. మానేద్దామనుకున్నా.

పన్నెండో వారానికి పెన్ను ఏడు సెంటీమీటర్ల దాకా ఒక్కటిగానే ఉంది. గంటసేపు చదవగలిగాను. సూపర్ మార్కెట్లో అరల మధ్య నడిస్తే తల తిరగడం మాత్రం దీనితో పోలేదు. అది ఫిజియోథెరపీతో తగ్గింది. జ్ఞాపకశక్తి కూడా పెరుగుతుందంటూ ఇంకో 24 సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టబోయారు, వద్దన్నాను.

2008లో అమెరికాలో ఇదే ఇబ్బంది ఉన్న 221 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు చదివాను. క్లినిక్‌లో చేయించి, ఇంట్లోనూ చేసినవాళ్లలో 73 శాతం మందికి నయమైంది లేదా మెరుగైంది. ఇంట్లో పెన్సిల్‌ని ముక్కు వైపు తెస్తూ చూసే కసరత్తు మాత్రమే చేసినవాళ్లలో 43. ఉత్తుత్తి థెరపీ ఇచ్చినవాళ్లలోనూ 35! వాళ్లు తొమ్మిది నుంచి 17 ఏళ్ల పిల్లలు, తల దెబ్బల కేసులు కావు. నాకు 34. పైగా దెబ్బ తాలూకు ఇబ్బందులు చాలామందికి రోజులు గడిస్తే వాటంతటవే తగ్గుతాయి. నా 8,400 రూపాయలకి వచ్చిన మెరుగులో కసరత్తు వాటా ఎంతో, కాలం వాటా ఎంతో ఎలా తేలుతుంది?

నాలుగు నెలలు మానేస్తే మార్చి క్లోజింగ్‌లో అంకెలు మళ్లీ కదిలాయి. దారం మళ్లీ ఊచకి కట్టాను. పొద్దున కాఫీ కాగేలోపు ఐదు నిమిషాలు.