పాత నెక్సాన్ ఈవీ అమ్మేసి కొత్తది కొనాలా? అయిదేళ్లు నడిపాక నా లెక్క

2021 సంక్రాంతికి కొన్న టాటా వారి ఎలక్ట్రిక్ కారు, నెక్సాన్ ఈవీ మాది. 30.2 కిలోవాట్ అవర్ (అంటే 30.2 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీతో వచ్చిన మొదటి తరం బండి. డెబ్బై వేల కిలోమీటర్లకు దగ్గర పడింది. దీన్ని ఈ ఏడాదే మార్చేయాలా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు కానీ, అది 2026 డిసెంబరు 31 వరకే. గడువు పొడిగిస్తారో లేదో తెలియకుండా కూర్చోవడం ఎందుకని మా ఆవిడ వాదన.

ముందు బండి సంగతి. కాగితం మీద రేంజ్, అంటే ఒకసారి నింపితే వెళ్లే దూరం, 312 కిలోమీటర్లు. నాకు కొత్తలో వచ్చింది 210 దాకా. ఇప్పుడు ఏసీ వేసుకుని నిజాంపేట నుంచి నానక్‌రాంగూడకు తిరిగితే 190 దగ్గర ఆగుతోంది, మే నెల ఎండల్లో ఇంకాస్త తక్కువ. అయిదేళ్ల బ్యాటరీకి ఇది నాకు సమ్మతమే. ఇది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, నిండా నింపినా త్వరగా పాడవదు కాబట్టి వారానికోసారి నూరు శాతం నింపడానికి భయపడను. ఖర్చు మాటకొస్తే, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నర. లీటరు 107 దాటిన పెట్రోల్‌తో దీన్ని పోల్చడం కూడా అనవసరం. బ్రేకుల మీద పెట్టిన ఖర్చు కూడా దాదాపు లేదు. 2022లో వచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో రీజెన్ (యాక్సిలరేటర్ వదిలితే మోటారే బండి వేగం తగ్గిస్తూ బ్యాటరీని నింపడం) స్థాయి మార్చుకునే వీలు పాత బళ్లకూ దొరికింది. అప్పటి నుంచి కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో బ్రేక్ తొక్కే పనే తగ్గిపోయింది.

ఇక కొత్తవి. ఇప్పటి నెక్సాన్‌లో 45 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉంది, కాగితం మీద 489 కిలోమీటర్లు. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌లో పెద్ద బ్యాటరీ 51.4. టెస్ట్ డ్రైవ్‌లో రెండూ బాగున్నాయి, సౌండ్ లేకపోవడం, కెమెరాలు, వెంటిలేటెడ్ సీట్లు, అన్నీ. వాటి గురించి ఎక్కువ రాయను, షోరూం వాళ్లు చెప్తారు.

వాళ్లు చెప్పనిది సెల్లార్ గురించి. మా అపార్ట్‌మెంట్‌లో నాకున్నది 15 యాంప్ సాకెట్, సబ్ మీటరు. దాంట్లోంచి 3.3 కిలోవాట్ల కంటే రాదు. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఆరింటికి తీస్తే దాదాపు 30 యూనిట్లు ఎక్కుతాయి. బ్యాటరీ 30 ఉన్నా, 45 ఉన్నా, 79 ఉన్నా అంతే. ఆఫీసుకు పోయి రావడానికి నాకు కావలసింది ఏడెనిమిది యూనిట్లు. అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా పెద్ద బ్యాటరీ ఊరికే బరువు మోస్తూ తిరుగుతుంది. 7.2 కిలోవాట్ ఛార్జర్ పెట్టించుకోవచ్చు కదా అంటారు. అసోసియేషన్‌ని అడిగాను. కరెంటు లోడ్ పెంచే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ఆ మాట ఆగిపోయింది, ప్రతి మీటింగులోనూ అక్కడే ఆగుతుంది.

పెద్ద బ్యాటరీ నిజంగా పనికొచ్చేది విజయవాడ వెళ్లేటప్పుడు. మా అత్తగారి ఊరు అదే, దాదాపు 275 కిలోమీటర్లు. మా బండితో సూర్యాపేటలో ఆగక తప్పదు, ఆగితే గంట. ఆ గంట ఇడ్లీ, టీ, పిల్లాడి ఫోన్‌తో గడిచిపోతుంది. టెన్షన్ అంతా అక్కడికి చేరే ముందే, ఛార్జర్ పనిచేస్తుందా, ముందు ఎవరైనా ఉన్నారా అని. యాప్‌లో ఖాళీగా చూపించిన ఛార్జర్ దగ్గరికి వెళ్తే స్క్రీన్ నల్లగా ఉండి, మిగిలిన కాస్త ఛార్జింగ్‌తో ఏసీ ఆపేసి కోదాడ దాకా పాక్కుంటూ వెళ్లిన రోజు ఒకటుంది. మా ఆవిడ ఇప్పటికీ ఆ రోజు గురించి చుట్టాలకు చెప్తుంది. 45 బ్యాటరీ ఉంటే పనిచేయని ఛార్జర్‌ను దాటేసి ఇంకో చోటికి వెళ్లొచ్చు. కొత్త బండికి నేను డబ్బు పెడితే ఈ ఒక్క సౌకర్యం కోసమే పెడతాను.

ఛార్జింగ్ వేగం మాటలు మాత్రం ఊరికే నమ్మకండి. మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీ 20 నిమిషాల్లో 20 నుంచి 80 శాతానికి ఎక్కుతుందంటే, అది 175 కిలోవాట్ స్థాయి ఛార్జర్ దొరికినప్పుడే. అదే బండిని 60 కిలోవాట్ ఛార్జర్‌కు పెడితే ముప్పావుగంట పైనే. దారిలో ఏ ఛార్జర్లున్నాయో చూసుకున్నాకే బండి ఎంచుకోవాలి. ఎంజీ కంపెనీ విండ్సర్ ఎలక్ట్రిక్ కారుతో 2024లో తెచ్చిన బ్యాటరీ అద్దె పథకమూ (బ్యాటరీ కొనకుండా, తిరిగిన కిలోమీటర్ల లెక్కన అద్దె కట్టడం) చూశాను. అప్పట్లో కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. దానికి నా కరెంటు రూపాయిన్నర కలిపితే అయిదు. నాలాగా ఎక్కువ తిరిగేవాళ్లకు అది కుదరదు.

ఇక అసలు లెక్క. పాత బండికి షోరూం ఎక్స్‌ఛేంజ్‌లో చెప్పింది ఆరు లక్షలు. కొత్త నెక్సాన్, నాకు కావలసిన వేరియంట్, పదిహేను పదిహేడు లక్షల మధ్య. అంటే చేతి నుంచి పది లక్షల దాకా. ఆ ధరకు పెట్రోల్ కారైతే రోడ్ ట్యాక్సే రెండున్నర లక్షలు దాటుతుంది. డిసెంబరు లోపు కొంటే అంత మిగులుతుందన్న మాట నిజమే. కానీ పది లక్షలు పెడితేనే ఆ రెండున్నర మిగిలేది. పైగా బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. కిలోమీటర్లు ఎలాగూ దాటను కాబట్టి 2029 సంక్రాంతి దాకా ఉంది. వారంటీ ఉన్న బండిని ఆరు లక్షలకు వదులుకోవడానికి నాకు మనసొప్పదు. సొంతంగా అమ్మితే ఇంకాస్త రావచ్చు. 2024 డిసెంబరులో డీలర్లు అమ్మే పాత ఎలక్ట్రిక్ కార్ల లాభం మీద జీఎస్టీ 18 శాతం చేశారు, ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి అది లేదు.

వారం వారం హైవే ఎక్కేవాళ్లు, ఇంట్లో 7.2 ఛార్జర్ ఉన్నవాళ్లు, వారంటీ అయిపోవస్తున్నవాళ్లు డిసెంబరు లోపు మార్చుకుంటే బాగుంటుంది. నేను మార్చట్లేదు. దసరాకు షోరూం నుంచి ఎలాగూ ఫోన్ వస్తుంది. పాత బండికి ఏడున్నర అంటే కూర్చుని మాట్లాడతాను, లేదంటే 2029 దాకా ఇదే.