హైదరాబాద్–బెంగళూరు పార్సిల్ కంటైనర్ డ్రైవర్ ఉద్యోగం: చేతికి ఎంత, గంటలు ఎన్ని

నా రేటింగ్: 5కి 3. జీతానికి 4 ఇస్తాను, గంటలకు 2 కంటే ఇవ్వలేను.

హైదరాబాద్ శివారులో ఉన్న ఒక పార్సిల్ సంస్థ హబ్‌లో కంటైనర్ డ్రైవర్‌గా చేస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు, ఇంకా అక్కడే పని చేస్తున్నాను కాబట్టి. అంతకుముందు చాలా ఏళ్లు కోదాడ, హుజూర్‌నగర్ వైపు ఓపెన్ బాడీ లారీ మీద సిమెంటు, మిర్చి, బియ్యం లోడ్లు తోలాను. రెండు రకాల పనీ చేసినవాణ్ని కాబట్టి, ఓనరు బండి వదిలి కంపెనీ డ్యూటీకి పోదామా వద్దా అని చూస్తున్న డ్రైవర్ అన్నదమ్ముల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా "నెలకు 35 వేలు" అనే ప్రకటన చూసి ఫోన్ చేయబోతున్నవాళ్ల కోసం.

ముందు డబ్బు సంగతి. జీతం 20,000. ఒక వైపు ట్రిప్పుకు బత్తా 700. మామూలు నెలలో బత్తా 14,000 దాకా వస్తుంది. పీఎఫ్ కింద 1,800, ఈఎస్‌ఐ కింద 150 పట్టుకుంటారు. చేతికి 32,000 దగ్గర వస్తుంది. డీజిల్ మిగిలిస్తే ఇన్సెంటివ్ ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. దారిలో తిండి, టీ, స్నానం ఖర్చులు బత్తాలోంచే పెట్టుకోవాలి. జీతం ప్రతి నెలా 7వ తేదీకల్లా బ్యాంకులో పడుతుంది. నేను చేరినప్పటి నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు. ఓనరు దగ్గర పని చేసినవాళ్లకు ఈ మాట విలువ తెలుసు. అక్కడ మంచి నెలలో 38,000 కూడా చూశాను గానీ, అందులో సగం బాకీగా ఉండేది. "కిరాయి ఇంకా రాలేదు, వచ్చే ట్రిప్పుకు చూద్దాం" అంటారు. ఇంట్లో అద్దె కట్టాల్సిన రోజున ఆ మాట ఎందుకూ పనికిరాదు.

పీఎఫ్ కోత చూసి విసుక్కునే కుర్రాళ్లను చూశాను. వాళ్లకు చెబుతున్నాను, మన దగ్గర పట్టుకున్నదానికి సంస్థ కూడా తన వంతు కలపాలి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. నెల జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ వర్తించదు, అందుకే చేరేటప్పుడు జీతం ఎంత, బత్తా ఎంత అని విడివిడిగా అడగండి. పాత ఓనరు దగ్గర నాకు నడుము పట్టేసి మంచం మీద ఉన్నప్పుడు మందుల ఖర్చంతా మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది. ఇక్కడ ఆ భయం తగ్గింది.

ఇక గంటల సంగతికి వస్తాను. రాత్రి 9కి బండి గేటు దాటాలంటే సాయంత్రం 7కల్లా హబ్‌లో ఉండాలి. టైర్ల గాలి, బ్రేకు, లైట్లు చూసుకోవాలి, లోడింగ్ అయ్యాక సీలు నంబరు కాగితం మీద ఉన్నదీ తలుపు మీద ఉన్నదీ ఒకటేనా అని సరిచూసుకోవాలి. సీలు తేడా వస్తే అవతల మనదే బాధ్యత. షాద్‌నగర్, జడ్చర్ల దాటి పుల్లూరు టోల్‌కి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. కర్నూలు, డోన్ మీదుగా గుత్తి చేరేసరికి తెల్లవారుజామున 3 దాటుతుంది. ఈ లైనులో అసలైన కష్టం గుత్తి నుంచి అనంతపురం దాకా ఉన్న ఆ గంట. రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. బండి స్పీడు గవర్నర్ వల్ల 80 దాటదు, ఇంజిన్ మోత ఒకే తీరుగా సాగుతుంది. నిద్ర కళ్ల మీదికి అక్కడే వస్తుంది. నేను ఆ గంట రాకముందే డోన్ దాటాక ఒకచోట ఆపి, మొహం కడుక్కుని, టీ తాగి, కాళ్లు సాగదీసుకుంటాను. ఇరవై నిమిషాలు దాటితే కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వస్తుంది, "బండి ఎందుకు ఆగింది?" అని. మర్యాదగానే అడుగుతారు. కానీ కునుకు తీద్దామనుకున్న మనిషికి ఆ ఫోన్ వస్తే ఇంకేం నిద్ర పడుతుంది? రాత్రి డ్యూటీలో ఒక గంట నిద్రకు అనుమతి రాసి పెట్టండి అని మేము చాలాసార్లు అడిగాం. ఇప్పటిదాకా ఇవ్వలేదు. ఈ ఒక్క విషయంలో నాకు సంస్థ మీద నిజంగా కోపం ఉంది, ఎందుకంటే ఇది డబ్బు గురించిన విషయం కాదు, ప్రాణాల గురించి. మనదే కాదు, ముందు బైకు మీద పోయేవాడిది కూడా.

ఉదయం 9కి బెంగళూరు శివారులో హోస్కోటె వైపు ఉన్న హబ్‌కి చేరతాం. కంపెనీ కాగితం ప్రకారం అక్కడితో డ్యూటీ అయిపోయినట్టే. 12 గంటలు నడిపాడు, ఇక సాయంత్రం దాకా రెస్టు అని రాసుకుంటారు. అసలు జరిగేది ఇదీ. గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టి లోపలికి పోతే, సరుకు దించే డాకు (ప్లాట్‌ఫారం) ముందు అప్పటికే బండ్లు వరసలో ఉంటాయి. "అన్నా, డాకు ఖాళీ కాలేదు, లైన్లోనే ఉండు" అంటాడు సూపర్‌వైజరు. పోనీ సీట్లో ఒరిగి కళ్లు మూద్దామంటే కుదరదు. ముందు బండి ఒక అడుగు కదిలితే మనమూ కదపాలి. కదపకపోతే వెనకవాడు హారన్ కొడతాడు, పక్కనుంచి ఇంకొకడు దూరతాడు, మన వంతు పోతుంది. పావుగంటకోసారి ఇంజిన్ స్టార్ట్ చేయడం, రెండు మీటర్లు ముందుకు పోవడం, ఆపడం. రాత్రంతా నడిపిన మనిషికి నడపడం కంటే ఇది ఎక్కువ నరకం. తల వాలిపోతూ ఉంటుంది, చెయ్యి తాళం మీదే ఉంటుంది. డాకుకు ఆనిన తర్వాత సీలు తెంపడం, పార్సిళ్లు స్కాన్ చేయడం, ఏదైనా పెట్టె నలిగి ఉంటే ఫోటో, సంతకం. ఇవన్నీ అయ్యేసరికి మామూలుగా 11 అవుతుంది, పండుగల సీజన్‌లో మధ్యాహ్నం 2 కూడా అవుతుంది. ఆ తర్వాత డార్మిటరీలో మంచం. డార్మిటరీ మాత్రం బాగుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, నీళ్లు వస్తాయి, దుప్పట్లు ఉతికి ఉంటాయి. మళ్లీ 7కి లోడింగ్ దగ్గర నిలబడాలి.

ఇప్పుడు లెక్క వేస్తాను, మీరూ వేసుకోండి. ఒక వైపు ట్రిప్పుకు 12 గంటల డ్రైవింగ్, ఇటు 2 గంటలు, అటు 2 గంటలు. మొత్తం 16 గంటలు. రెండు రాత్రులు డ్యూటీ, ఒక రోజు ఇంట్లో, అదీ పద్ధతి. అంటే నెలకు 20 ట్రిప్పులు, 320 గంటల పని. 32,000ను 320తో భాగిస్తే గంటకు 100 రూపాయలు. స్టీరింగ్ మీద ఉన్న 240 గంటలనే లెక్కిస్తే 133. ప్రకటనలో చెప్పేవాళ్లు ఎప్పుడూ రెండో లెక్కే చెబుతారు. మీరు మొదటి లెక్క వేయండి, ఎందుకంటే ఆ డాకు దగ్గర గంటలు కూడా మీ ఒంట్లోంచే పోతున్నాయి.

ఓనరు బండి లెక్క ఇంతకంటే దారుణం. సిమెంటు ఫ్యాక్టరీ పార్కింగ్‌లో టోకెను తీసుకుని రెండు రోజులు పడిగాపులు కాసేవాళ్లం. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించేటప్పుడు కళ్లూ ముక్కూ మండిపోయేవి. ఎక్కించాక పట్టా కప్పి తాళ్లు బిగించడం కూడా మనమూ క్లీనరే. అన్‌లోడు దగ్గర హాల్టింగ్ అయితే, అంటే సరుకు దించక బండి ఆగిపోతే, దానికి డబ్బు ఇస్తారు, కానీ అది ఓనరుకు పోతుంది, డ్రైవర్‌కు అందులో ఇచ్చేది చాలా తక్కువ. లోడు దొరికేదాకా బండి కిందే వంట, బండి కిందే పడక. పైగా ఈ-వే బిల్లు, అంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ ఆన్‌లైన్ పత్రం, దానికి గడువు ఉంటుంది. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన ఇస్తున్నారు, అంతకుముందు 100 కిలోమీటర్లకే ఒక రోజు ఉండేది. దారిలో బండి చెడి గడువు దాటబోతుంటే పొడిగించమని ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు, అదో టెన్షన్. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. 38,000 అని చెప్పుకున్నా, బండితో గడిచిన గంటలన్నీ లెక్కిస్తే గంటకు 60 దగ్గరే పడేది. అందుకే ఇన్ని ఫిర్యాదులు ఉన్నా నేను తిరిగి వెళ్లలేదు.

చట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి ఇది ఉందనే తెలియదు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48. దూరపు రూట్లకు అనుమతి తీసుకుంటే రోజుకు 10, వారానికి 54 దాకా. 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం. అదనపు గంటలకు రెట్టింపు వేతనం. బండి నడిపే సమయమే కాదు, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టే సమయం, లోడింగ్, అన్‌లోడింగ్ దగ్గర చేసే పని కూడా అందులో పనిగంటలే అని ఉండేది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిసింది, 8 గంటల పని, అదనానికి రెట్టింపు అన్నవి అక్కడా ఉన్నాయి. నా నెల 320 గంటలంటే వారానికి 75 దగ్గర, దాన్ని ఈ 48 గంటల పక్కన పెట్టి చూస్తే ఎంత తేడానో తెలుస్తుంది. మా జీతం స్లిప్పులో ఓవర్‌టైమ్ అనే గడి ఉంది. అది నాకు ఎప్పుడూ ఖాళీగానే వచ్చింది. హెచ్‌ఆర్ వాళ్లను అడిగితే, "అదంతా బత్తాలోనే కలిపి ఉంది" అన్నారు. బత్తా దారి ఖర్చుకు ఇచ్చేది, ఓవర్‌టైమ్ ఎలా అవుతుంది? ఆలస్యమైతే మాత్రం ట్రిప్పుకు 500 కోస్తారు, డాకు వాళ్ల వల్ల ఆలస్యమైనా సరే. దానికి జవాబు చెప్పే మనిషి మా హబ్‌లో లేడు.

డీజిల్ ఇన్సెంటివ్ సంగతి చెబుతానన్నాను. మా కొత్త బండికి ఏసీ క్యాబిన్ ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలన్నింటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మంచి పని. కానీ ఏసీ వేస్తే మైలేజీ తగ్గుతుంది, మైలేజీ తగ్గితే ఇన్సెంటివ్ పోతుంది. మే నెలలో హోస్కోటె లైన్లో నిలబడి ఏసీ ఆపుకుని, కిటికీ దించుకుని, తువ్వాలుతో తుడుచుకుంటున్న డ్రైవర్లను చూశాను. నేను మాత్రం ఏసీ వేస్తాను. నెలకు వెయ్యి పోయినా సరే, చల్లగా కూర్చున్న మనిషికి తెల్లవారుజామున కళ్లు తెరుచుకుని ఉంటాయి. సంస్థవాళ్లు ఎవరైనా ఇది చదివితే, నిలబడిన బండి ఏసీ డీజిల్‌ను మైలేజీ లెక్కలోంచి తీసేయండి. పెద్ద ఖర్చు కాదు.

ఇంట్లో దొరికే ఆ ఒక్క రోజు గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. హయత్‌నగర్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. లారీ రోజుల్లో దాని స్కూలు మీటింగులకు ఎప్పుడూ వాళ్ల అమ్మే వెళ్లేది. ఇప్పుడు కాలేజీకి నేను వెళ్తున్నాను. ఫలానా తారీఖున ఇంట్లో ఉంటాను అని ముందే చెప్పగలగడం డ్రైవర్ బతుకులో చిన్న విషయం కాదు. 3 రేటింగ్‌లో ఒక మార్కు దీనికే. ఆ రోజులో సగం నిద్రకే పోతుంది, అది వేరే సంగతి.

పెళ్లయి, పిల్లలు చదువుకుంటూ, నెలనెలా ఒకే తారీఖున డబ్బు కావాలనుకునేవాళ్లకు ఈ ఉద్యోగం నప్పుతుంది. రాత్రి డ్రైవింగ్ పడనివాళ్లు, షుగరు ఉండి వేళకు తినాల్సినవాళ్లు చేరకండి. అలాంటివాళ్లకు పగటి పూట ఇంటికి చేరే రెడీమిక్స్, టిప్పర్ డ్యూటీలు తక్కువ జీతమైనా మేలు. హైదరాబాద్–విజయవాడ లైను 275 కిలోమీటర్లే, అడిగితే కొన్ని సంస్థలు ఇస్తాయి. బత్తా తగ్గుతుంది గానీ ఒకే రాత్రిలో పని అయిపోతుంది.

చేరే ముందు ఒక ట్రయల్ ట్రిప్పు పంపుతారు. రోడ్డు ఎలాగూ చూస్తారు, దాంతోపాటు అవతలి హబ్ గేటు దాటిన టైము, డాకుకు ఆనిన టైము, మంచం మీద ఒళ్లు వాల్చిన టైము ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఆ మూడు టైములు పట్టుకుని వచ్చి, ఆలస్యపు కోతలో డాకు వెయిటింగ్ మినహాయిస్తారా అని అడగండి. మినహాయిస్తామని కాగితం మీద రాసిస్తేనే సంతకం పెట్టండి. మా హబ్‌లో ఈ మధ్య అలా అడిగిన ఇద్దరికి రాసిచ్చారు.