సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్: ఎడ్జ్ గార్డింగ్ సాధనకు ఎంతవరకు పనికివస్తుంది?

నింటెండో స్విచ్ గేమ్ యంత్రం కోసం 2018 డిసెంబరులో విడుదలైన, ప్రత్యర్థిని కొట్టి వేదిక బయటకు విసిరేసే ఈ పోరాట వీడియో గేమ్‌ను ఇక్కడ ఒకే దృష్టితో పరిశీలిస్తున్నాను: వేదిక బయటకు ఎగిరిపోయిన ప్రత్యర్థిని తిరిగి రానీయకుండా అడ్డుకునే ఎడ్జ్ గార్డింగ్‌ను ఇది ఎంత బాగా నేర్పుతుంది? తిరుపతిలో బాలాజీ కాలనీ చుట్టుపక్కల గదుల్లో ఉంటూ, సాయంత్రాలు మిత్రులతో కూర్చుని ఆడే విద్యార్థులను మనసులో పెట్టుకొని రాస్తున్నాను.

ట్రైనింగ్ మోడ్ చాలా బాగుంది. ప్రత్యర్థి డ్యామేజీని, అంటే తిన్న దెబ్బల లెక్కను, కోరిన శాతం దగ్గర నిలిపి, ఆట వేగాన్ని తగ్గించి, గళ్లు గీసిన వేదిక మీద ఏ దెబ్బ ఎంత దూరం విసురుతుందో చూసుకోవచ్చు. బయటకు దూకి కొట్టిన తర్వాత క్షేమంగా వెనక్కి రావడానికి ఎంత ఎత్తు మిగలాలో చేతికి పట్టుబడేది ఇక్కడే. అయితే కంప్యూటర్ నడిపే పాత్ర మనిషిలా దారి మార్చి ఏమార్చదు కనుక, ఎదుటివారి ఆలోచనను పసిగట్టడం ఇక్కడ అలవడదు.

ఈ విద్యలో అసలు కష్టం అదే. గాలిలో దెబ్బ తప్పించుకునే ఎయిర్ డాడ్జ్‌ను ఒకసారి వాడితే వెంటనే మళ్లీ దొరకదు. గాలిలో ఉండగానే రెండోసారి ఎగిరే డబుల్ జంప్ ఖర్చయితే, దెబ్బ తిన్నంత మాత్రాన తిరిగి రాదు. అందువల్ల మొదటి దెబ్బతోనే ముగించాలని తొందరపడటం కంటే, ముందుకు దూకినట్టు బెదిరించి ఆ జంప్‌ను వాడించి, తర్వాత కొట్టడం మేలని నా అభిప్రాయం. ఆటలోని పాత్రల్లో ఒకడైన నెస్ తాను వదిలిన మెరుపును తనకే తగిలించుకొని పైకి వస్తాడు. ఆ మెరుపుకు మనం అడ్డుపడితే అతను కిందికి రాలిపోతాడు. రెండు దిశల్లో దూసుకురాగల మరో పాత్ర పికాచూతో అంత సులువు కాదు.

ఇదే వరుసలో 2001లో వచ్చిన పాత ఆట మెలేలో వేదిక అంచును ముందుగా పట్టుకొని వేలాడితే ఎదుటివారికి చోటు ఉండేది కాదు. ఇందులో రెండోవారు పట్టుకోగానే మొదటివారు జారిపోతారు కాబట్టి, నిజంగా బయటకు వెళ్లి కొట్టాలి, లేదా పైకి ఎక్కే క్షణం కోసం కాచుకోవాలి. అంచు పట్టుకున్న తొలిసారి కాసేపు దెబ్బ తగలదు. నేల తాకకుండా వదిలి మళ్లీ పట్టుకుంటే ఆ రక్షణ ఉండదు. ఈ ఒక్క నియమాన్ని కళ్లు పెట్టి గమనించినవారి ఆట త్వరగా మెరుగుపడుతుంది.

ఆన్‌లైన్ ఆటను మాత్రం ఈ సాధనకు సిఫారసు చేయను. ప్రత్యర్థి దూరంగా ఉన్నకొద్దీ బటన్ నొక్కడానికీ పాత్ర కదలడానికీ మధ్య ఆలస్యం పెరుగుతుంది, అంచు దగ్గర ఆ కొద్దిపాటి తేడాయే దెబ్బను తప్పిస్తుంది. ఒకే టీవీ ముందు రెండు కంట్రోలర్లతో ఆడటమే సరైన పద్ధతి. అదనపు పాత్రల పాస్‌లు కొనవలసిన అవసరం లేదు. మొదట 8 పాత్రలే తెరిచి ఉంటాయి గనుక, నెస్ వంటివారితో సాధన చేయాలంటే ముందు కొంత ఆడి వారిని సంపాదించుకోవాలి.