సిగ్విన్ సమీక్ష: బరువంతా ఫోర్క్ దగ్గరే

విండోస్ మీద యూనిక్స్ ప్రోగ్రాములు నడపడానికి సిగ్విన్ 1995 నుంచీ ఉంది. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) కోడ్ చాలావరకు ఉన్నదున్నట్టే కంపైలవుతుంది, ఆ విషయంలో దీనికి తిరుగులేదు. నెమ్మది అన్న ఫిర్యాదూ నిజమే. అందులో పెద్ద వాటా కొత్త ప్రాసెస్ పుట్టించే దగ్గరే ఉంది.

నడుస్తున్న ప్రోగ్రాము (ప్రాసెస్) తనలాంటిదే ఇంకోటి పుట్టించే కాల్ ఫోర్క్. పుట్టించేది పేరెంట్, పుట్టేది చైల్డ్. లినక్స్‌లో ఫోర్క్ మెమరీని కాపీ-ఆన్-రైట్‌గా, అంటే ఎవరైనా రాసేదాకా కాపీ చేయకుండా, పంచుకుని ఊరుకుంటుంది. విండోస్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ విన్32లో అలాంటి కాల్ లేదు. అందుకని సిగ్విన్ అదే ప్రోగ్రామును క్రియేట్‌ప్రాసెస్‌తో మళ్లీ మొదలుపెట్టి, పేరెంట్ మెమరీ భాగాలైన డేటా, బీఎస్ఎస్, హీప్, స్టాక్‌లను చైల్డ్‌లోకి నిజంగానే కాపీ చేస్తుంది. ఆపైన చైల్డ్ లాంగ్‌జంప్ అనే సీ ఫంక్షన్‌తో ఫోర్క్ పిలిచిన చోటికి చేరుతుంది. ప్రాసెస్‌లోకి వేరే ప్రోగ్రామును ఎక్కించే ఎగ్జెక్ కూడా చవక కాదు. నడుస్తున్న ప్రాసెస్‌లో ప్రోగ్రామును మార్చే వీలు విండోస్‌లో లేదు కాబట్టి ఇంకో ప్రాసెస్ పుడుతుంది, పాత పీఐడీ (ప్రాసెస్ నంబరు) దానికి దక్కుతుంది. అంటే షెల్‌లో ఒక్క బయటి కమాండుకు రెండు విండోస్ ప్రాసెస్‌లు! బిల్డుకు ముందు చిన్న కమాండులెన్నో పిలిచి సిస్టమ్‌ను పరీక్షించే కన్ఫిగర్ స్క్రిప్టులు ఈడ్చుకుంటూ నడిచేది ఇందుకే. ఫోర్క్‌కు తేలిక రూపమైన వీఫోర్క్‌తోనూ లాభం లేదు, ఇక్కడ అదీ మామూలు ఫోర్కే.

కొలవడం తేలిక. బాష్ షెల్‌లో ఖాళీ సబ్‌షెల్‌ను వందసార్లు తెరిచే లూప్‌కు టైమ్ చూడండి, తర్వాత ఏ పనీ చేయని ట్రూ కమాండును పూర్తి పాత్‌తో వందసార్లు పిలవండి. మొదటిది ఫోర్క్ ఖర్చు, రెండింటి తేడా ఎగ్జెక్ ఖర్చు. పాత్ ఇవ్వకపోతే బాష్ లోపలే ఉన్న ట్రూ (బిల్టిన్) నడిచి కొలత చెడుతుంది. సిగ్విన్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ రియల్‌టైమ్ స్కాన్ నుంచి మినహాయించి మళ్లీ కొలిస్తే స్కాన్ వాటా బయటపడుతుంది.

ఫోర్క్ పూర్తిగా విఫలమై ‘రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవైలబుల్’ అని వస్తే, ముందు డీఎల్ఎల్‌లను (ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీ ఫైళ్లను) అనుమానించండి. పేరెంట్‌లో ఏ అడ్రసులో ఉన్నాయో చైల్డ్‌లోనూ అక్కడే లోడవ్వాలి, లేకపోతే కాపీ అయిన పాయింటర్లన్నీ తప్పవుతాయి. వాటికి అడ్రసులు మళ్లీ కేటాయించడాన్ని రీబేస్ అంటారు. అందుకు ‘రీబేస్-ట్రిగర్ ఫుల్’ కమాండు ఇచ్చి, సర్వీసులతో సహా సిగ్విన్ ప్రాసెస్‌లన్నీ ఆపి, సెటప్ నడపండి. ఒక్క ప్రాసెస్ మిగిలినా దాని డీఎల్ఎల్‌లు లాక్‌లో ఉండిపోతాయి. సొంతంగా కంపైల్ చేసినవి సెటప్ లెక్కలోకి రాకపోవచ్చు, వాటి జాబితాను రీబేస్‌కు విడిగా ఇవ్వాలి.

స్క్రిప్టు మీ చేతిలో ఉంటే అసలు మందు అక్కడే ఉంది. ఫైలు పేరు విడదీయడానికి బేస్‌నేమ్ కమాండు పిలవకుండా బాష్‌లోనే ఉన్న పారామీటర్ ఎక్స్‌పాన్షన్ వాడండి. టెక్స్ట్ మార్చడానికి లైనుకొక సెడ్ కమాండు బదులు ఫైలంతటికీ ఒకే ఆక్ కమాండు చాలు. సీ ప్రోగ్రాములో ఫోర్క్-ఎగ్జెక్ జంట స్థానంలో స్పాన్‌వీపీ ఫంక్షన్ పెడితే మెమరీ కాపీ ఉండదు, ఒక్క ప్రాసెస్సే పుడుతుంది.

విండోస్‌లో ఇలాంటి పనికే వాడే ఎంసిస్2కు మారినా ఈ బాధ తప్పదు, దాని రన్‌టైమ్ సిగ్విన్ నుంచి వచ్చిందే. విండోస్ పాత్‌లు, విండోస్ ప్రోగ్రాములతో కలిసి పనిచేయాలంటే సిగ్విన్‌నే ఎంచుకుంటాను. రోజంతా బిల్డులే నడుస్తుంటే మాత్రం డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) మేలు. అందులో అసలైన లినక్స్ కెర్నలే ఉంది, ఫోర్క్ దానిదే. కాకపోతే సోర్స్‌ను లినక్స్ డిస్కులోనే ఉంచుకోండి. విండోస్ డ్రైవు మీద ఉంచితే ప్రతి ఫైలూ 9పీ అనే ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ దాటి రావాలి, ఫోర్క్‌లో ఆదా అయిన సమయం అక్కడ కరిగిపోతుంది.